రాబోయే తపాలా బిళ్ళ మీద ఎవరుంటారు? – ఊహ, నియమం, పరీక్ష



సూరత్ నగరంలోని లింబాయత్‌లో తెలుగు పిల్లల ముందు, తెలుగులో సైన్సు గురించి మాట్లాడుతున్నందుకు సంతోషంగా ఉంది. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి సాంచాల పనికోసం వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, గుజరాతీ, మరాఠీ, ఒడియా. ఇన్ని భాషల మధ్య పెరిగే మీకు ఉత్తరం విలువ, చిరునామా విలువ వేరే చెప్పనక్కరలేదు. ఒకప్పుడు ఊరికీ సూరత్‌కూ మధ్య నడిచిన బంధమంతా తపాలా బిళ్ళ అంటించిన కవరు మీదే నడిచింది.

ఈనాటి మన పాఠ్యాంశం ఆ తపాలా బిళ్ళే. అయితే బిళ్ళలు ఎలా సేకరించాలో చెప్పడం నా ఉద్దేశం కాదు. వచ్చే సంవత్సరాలలో మన తపాలా శాఖ ఎవరి మీద, ఏ సంఘటన మీద స్మారక తపాలా బిళ్ళలు విడుదల చేస్తుందో ముందుగా అంచనా వేయగలమా? వేయగలిగితే ఆ అంచనా సరైనదో కాదో ఎలా తేల్చుకోవాలి? ఇది చూడడానికి చిన్న ప్రశ్న. కానీ పరిశీలన, పరికల్పన, పరీక్ష, సంభావ్యత అనే నాలుగు మెట్లూ ఇందులో ఉన్నాయి. ప్రయోగశాల అక్కరలేదు, ఖరీదైన పరికరం అక్కరలేదు. ఒక క్యాలెండరు, ఒక నోటుపుస్తకం చాలు.

1. స్మారక తపాలా బిళ్ళ అంటే ఏమిటి?

తపాలా బిళ్ళలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకం రోజువారీ వాడకానికి ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ అచ్చువేసేవి. రెండవ రకం ఒక వ్యక్తినో, సంఘటననో, సంస్థనో గుర్తుచేస్తూ పరిమిత సంఖ్యలో అచ్చువేసేవి. ఇవే స్మారక బిళ్ళలు. మన దేశంలో 1931లో న్యూఢిల్లీ ప్రారంభోత్సవ సందర్భంగా స్మారక బిళ్ళలు వచ్చాయి. స్వతంత్ర భారతదేశపు మొట్టమొదటి బిళ్ళ 1947 నవంబరు 21న విడుదలైంది. దాని మీద మన జాతీయ పతాకం, 'జై హింద్' అన్న మాట ఉన్నాయి. 1948 ఆగస్టు 15న గాంధీజీ బిళ్ళలు నాలుగు వచ్చాయి.

బిళ్ళ ఎలా పుడుతుంది? ప్రతిపాదన ఎవరైనా పంపవచ్చు. సామాన్య పౌరుడు పంపవచ్చు, సంస్థ పంపవచ్చు. వాటిని పరిశీలించి సలహా ఇవ్వడానికి తపాలా శాఖకు ఒక సలహా సంఘం ఉంది. ఆమోదం వచ్చాక చిత్రకారులు నమూనా గీస్తారు. తరువాత నాసిక్‌లోని ఇండియా సెక్యూరిటీ ప్రెస్‌లోనో, హైదరాబాదులోని సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్‌లోనో అచ్చవుతుంది. విడుదల రోజున మొదటి రోజు కవరు, దాని మీద ప్రత్యేక ముద్ర, వివరాల కరపత్రం వెలువడతాయి.

అంటే తపాలా బిళ్ళ ఆకాశం నుంచి ఊడిపడేది కాదు. దాని వెనుక దరఖాస్తు ఉంది, చర్చ ఉంది, నియమం ఉంది, తేదీ ఉంది. నియమం ఉన్నచోట అంచనాకు అవకాశం ఉంటుంది.

2. పరిశీలన – పాత బిళ్ళలు చెప్పే సంగతులు

శాస్త్రజ్ఞుడు ముందు కళ్ళు తెరిచి చూస్తాడు, తరువాతే మాట్లాడతాడు. మనమూ కొన్ని బిళ్ళలను వరుసగా చూద్దాం.

జగదీశ్ చంద్ర బోస్ 1858లో పుట్టారు. ఆయన బిళ్ళ 1958లో వచ్చింది. ప్రఫుల్ల చంద్ర రాయ్ 1861లో పుట్టారు, బిళ్ళ 1961లో. రవీంద్రనాథ్ ఠాగూర్ పుట్టింది 1861, బిళ్ళ 1961. మహలనోబిస్, మేఘనాద్ సాహా ఇద్దరూ 1893లో పుట్టారు. ఇద్దరి బిళ్ళలూ 1993లో వచ్చాయి. సత్యేంద్రనాథ్ బోస్ పుట్టింది 1894 జనవరి 1, బిళ్ళ 1994లో. మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించారు, బిళ్ళ 1995లో. ఐన్‌స్టీన్ 1879; బిళ్ళ 1979. కోపర్నికస్ 1473, ఐదువందల ఏళ్ళకు 1973లో బిళ్ళ.

సంఘటనలు చూడండి. క్విట్ ఇండియా ఉద్యమం 1942లో జరిగింది. దాని మీద 1967లో, 1992లో, 2017లో బిళ్ళలు వచ్చాయి. అంటే 25, 50, 75 ఏళ్ళకు. విశ్వ తపాలా సమాఖ్య 1874లో ఏర్పడింది. మన బిళ్ళలు 1949, 1974, 1999, 2024 సంవత్సరాలలో వచ్చాయి. గణితం చదివే విద్యార్థి వెంటనే పట్టుకుంటాడు, ఇది 25 పదాంతరంగా గల అంకశ్రేఢి. సంస్థల విషయమూ అంతే. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 1851 నుంచి లెక్కించి 1951లో, వాతావరణ శాఖ 1875 నుంచి లెక్కించి 1975లో బిళ్ళలకెక్కాయి.

3. పరికల్పన – మూడు నియమాలు

ఈ పరిశీలన నుంచి మూడు నియమాలు కట్టుకోవచ్చు.

ఒకటి: గుండ్రని సంఖ్య నియమం. జననానికి గానీ, మరణానికి గానీ, సంఘటనకు గానీ 25, 50, 75, 100 వంటి ఏళ్ళు నిండే సంవత్సరంలో బిళ్ళ వచ్చే అవకాశం పెరుగుతుంది. అన్నిటిలోకీ బలమైనది 100.

రెండు: జీవించి ఉన్నవారి మీద సాధారణంగా బిళ్ళ రాదు. ఇది శాఖ మార్గదర్శకాలలో ఉన్నదే. 'సాధారణంగా' అన్న మాట గమనించండి. దోండో కేశవ్ కార్వే బిళ్ళ 1958లో ఆయన నూరేళ్ళు నిండినప్పుడు, ఆయన ఉండగానే వచ్చింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య బిళ్ళ 1960లో, మదర్ థెరిసా బిళ్ళ 1980లో, సచిన్ తెందూల్కర్ బిళ్ళ 2013లో వారు జీవించి ఉండగానే వెలువడ్డాయి. ఇన్ని దశాబ్దాలలో ఇలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే.

ఈ నియమాన్ని మన నేతపనికి అన్వయించి చూద్దాం. ఆసు పోసే యంత్రం తయారుచేసిన చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. చేనేత చీరకు ఆసు పోయడానికి ఇంటి ఆడవాళ్ళు వేలసార్లు చెయ్యి తిప్పవలసి వచ్చేది. తల్లి భుజం నొప్పి చూసి ఆయన ఆ యంత్రం కట్టారు. రెండో నియమం ప్రకారం ఆయన మీద బిళ్ళను మనం ఊహించకూడదు. కానీ నేత మీద, వస్త్రం మీద బిళ్ళను ఊహించవచ్చు. 2009లో సంప్రదాయ వస్త్రాల మీద విడుదలైన బిళ్ళలలో మన కలంకారీ ఉంది. 2011లో గాంధీజీ బొమ్మతో ఖాదీ గుడ్డ మీదనే అచ్చువేసిన బిళ్ళ వచ్చింది. మనిషికి వర్తించే నియమం వస్తువుకు వర్తించదు.

మూడు: పెద్ద సంఘటన జరిగితే బిళ్ళ వెంటనే రావచ్చు. మన తొలి ఉపగ్రహం ఆర్యభట 1975 ఏప్రిల్ 19న కక్ష్యలోకి వెళ్ళింది. బిళ్ళ మరునాడే వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఉపగ్రహం ద్వారా గ్రామాలకు టెలివిజన్ పాఠాలు అందించే ప్రయోగం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో సుమారు 2400 గ్రామాలకు ఆ కార్యక్రమాలు చేరాయి. దాని మీదా బిళ్ళ వచ్చింది. హోమీ భాభా 1966 జనవరిలో విమాన ప్రమాదంలో మరణించారు, బిళ్ళ అదే ఏడాది వచ్చింది. సి.వి. రామన్, విక్రమ్ సారాభాయ్ విషయంలో సరిగ్గా మొదటి వర్ధంతికి. అబ్దుల్ కలాం గారు 2015 జూలైలో కన్నుమూస్తే, అదే సంవత్సరం అక్టోబరు 15న, ఆయన పుట్టినరోజున బిళ్ళ విడుదలైంది.

4. పరీక్ష – నియమం ఎక్కడ తప్పుతుంది?

ఇంతవరకు నేను నియమానికి అనుకూలమైనవే ఏరి చూపించాను. ఇక్కడ ఆగితే అది సైన్సు కాదు, వకాలత్తు. నియమాన్ని నిజంగా పరీక్షించాలంటే దానికి ప్రతికూలమైన ఉదాహరణల కోసం వెతకాలి.

మన తెలుగువారి బిళ్ళలనే తీసుకుందాం. టంగుటూరి ప్రకాశం పంతులు 1872లో పుట్టారు, బిళ్ళ 1972లో. నియమం నెగ్గింది. వీరేశలింగం పంతులు పుట్టింది 1848, గతించింది 1919; బిళ్ళ 1974లో. ఏ గుండ్రని సంఖ్యా కుదరదు. గురజాడ అప్పారావు పుట్టింది 1862. బిళ్ళ 1976 సెప్టెంబరు 21న. తేదీ ఆయన పుట్టినరోజే, కానీ అది 114వ ఏడు. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న మరణించారు. బిళ్ళ 2003లో, అదే ఫిబ్రవరి 11న. అది 29వ వర్ధంతి. ఎన్.టి. రామారావు బిళ్ళ 2000 మే 28న, ఆయన పుట్టినరోజున వచ్చింది. అది 77వ జయంతి. జాతీయ పతాక రూపశిల్పి పింగళి వెంకయ్య బిళ్ళలు 2009లో ఒకటి, స్వాతంత్ర్య అమృతోత్సవం జరిగిన 2022లో ఒకటి వచ్చాయి. అది ఆయన 146వ జయంతి.

దీనిని బట్టి ఏం తెలిసింది? పుట్టినరోజు, వర్ధంతి 'రోజును' చాలాసార్లు నిర్ణయిస్తాయి. 'సంవత్సరాన్ని' మాత్రం అన్నిసార్లూ నిర్ణయించవు. ఏ సంవత్సరం అన్నదానిని ప్రతిపాదన ఎప్పుడు వెళ్ళింది, ఎవరు పట్టుబట్టారు, దేశంలో ఆ ఏడు ఏ ఉత్సవం జరుగుతున్నది అనేవి కూడా నిర్ణయిస్తాయి. మన నియమం అబద్ధం కాలేదు, దాని హద్దు మనకు తెలిసింది. ఒక నియమం ఎంతవరకు పనిచేస్తుందో తెలుసుకోవడం, ఆ నియమాన్ని కనుక్కోవడమంత ముఖ్యమే.

5. అన్నిటికీ సరిపోయే నియమం దేనికీ పనికిరాదు

ఇక్కడ ఒక ప్రలోభం ఉంది. నియమం తప్పినచోట దాన్ని కొంచెం సాగదీస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. మేరీ క్యూరీని చూడండి. ఆమె పుట్టింది 1867లో, మన దేశపు బిళ్ళ 1968లో వచ్చింది. ఏడాది ఆలస్యమైన శతజయంతి అనుకోవచ్చు. కానీ ఎవరైనా తెలివిగా, "1898లో రేడియం కనుగొన్నారు, 1968కి 70 ఏళ్ళు, కాబట్టి నియమం సరిపోయింది" అనవచ్చు. వినడానికి బాగుంటుంది. ఇందులో ప్రమాదం ఏమిటో లెక్క వేసి చూద్దాం.

ఒక వ్యక్తి పుట్టిన సంవత్సరం, మరణించిన సంవత్సరం మాత్రమే తీసుకుని, 25తో భాగింపబడే వార్షికోత్సవాలనే లెక్కపెడదాం. యాదృచ్ఛికంగా ఎంచుకున్న ఏదో ఒక సంవత్సరం ఈ రెండింటిలో ఒకదానికి సరిపోయే సంభావ్యత ఎంత? ఒక్కోదానికి 25లో ఒకటి, అంటే 4 శాతం. రెండూ కలిపితే 1 నుంచి 0.96 వర్గాన్ని తీసివేయాలి. సుమారు 8 శాతం వస్తుంది. కాబట్టి ఈ నియమం నెగ్గితే దానికి విలువ ఉంది. ఊరికే నెగ్గే అవకాశం తక్కువ.

ఇప్పుడు 10తో భాగింపబడే ఏళ్ళనూ చేర్చుకుందాం. ప్రతి 50 ఏళ్ళలో 10, 20, 25, 30, 40, 50 అనే ఆరు ఏళ్ళు మనకు 'గుండ్రని' సంఖ్యలవుతాయి. అంటే ఒక్కో తేదీకి 12 శాతం. రెండు తేదీలకు సుమారు 23 శాతం. దానికి తోడు మొదటి పుస్తకం, పెద్ద పురస్కారం, సంస్థ స్థాపన, ముఖ్యమైన ఆవిష్కరణ అని మరో నాలుగు తేదీలు కలిపి ఆరు చేద్దాం. 1 నుంచి 0.88 ఆరవ ఘాతాన్ని తీసివేస్తే సుమారు 54 శాతం! అంటే కళ్ళు మూసుకుని ఏ సంవత్సరం చెప్పినా సగం కంటే ఎక్కువసార్లు ఏదో ఒక 'వార్షికోత్సవం' దొరుకుతుంది. అప్పుడు మన నియమం బిళ్ళల గురించి ఏమీ చెప్పడం లేదు, మన సాగదీసే నేర్పు గురించే చెబుతోంది.

చేతి రేఖలు, గ్రహస్థితులు చూసి చెప్పే మాటలు చాలామందికి నిజమనిపించడానికి కారణం ఇదే. జరిగిన తరువాత అన్వయించుకోవడానికి అక్కడ లెక్కలేనన్ని దారులుంటాయి. శాస్త్రీయ అంచనా అలా కాదు. అది తప్పు కావడానికి చోటు ఉండాలి. ముందే చెప్పాలి, స్పష్టంగా చెప్పాలి, తరువాత మార్చకూడదు.

ముందే చెప్పామని రుజువేమిటి? దీనికి తపాలా శాఖే ఒక చక్కని సాధనం ఇచ్చింది. మీ అంచనాలను ఒక పోస్టుకార్డు మీద రాసి, మీ చిరునామాకే పోస్టు చేసుకోండి. తపాలా ముద్ర మీద తేదీ పడుతుంది. ఆ కార్డు మీ సాక్షి.

6. ఎంత నమ్మకంతో చెబుతున్నావు?

'వస్తుంది', 'రాదు' అని రెండే మాటలుంటే అంచనా మొరటుగా ఉంటుంది. వాతావరణ శాస్త్రజ్ఞులు 'వర్షం పడే అవకాశం 70 శాతం' అంటారు. తాపీ నది వరదలు, మీఠీ ఖాడీ పొంగడం తెలిసిన లింబాయత్ వాసులకు ఆ అంకె విలువ తెలుసు. 30 శాతానికి ఒక రకంగా సిద్ధపడతాం, 90 శాతానికి మరో రకంగా. ఇలాంటి అంచనాలకు మార్కులు వేసే పద్ధతిని అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞుడు గ్లెన్ బ్రయర్ 1950లో ప్రతిపాదించాడు. పద్ధతి చాలా సులువు. జరిగితే 1, జరగకపోతే 0 అనుకోండి. మీరు చెప్పిన సంభావ్యతకూ దానికీ తేడా తీసి, వర్గం చేయండి. అన్నిటి సగటు కట్టండి. ఎంత తక్కువ వస్తే అంత మంచి అంచనా.

ఇద్దరు విద్యార్థులు నాలుగు బిళ్ళల గురించి చెప్పారనుకుందాం. చివరికి మొదటిది, నాలుగవది వచ్చాయి. రెండవది, మూడవది రాలేదు. మొదటి విద్యార్థి నాలుగూ నూటికి నూరు శాతం వస్తాయన్నాడు. అతని తేడాల వర్గాలు 0, 1, 1, 0. సగటు 0.5. రెండవ అమ్మాయి వరుసగా 80, 30, 40, 70 శాతం అంది. ఆమె తేడాల వర్గాలు 0.04, 0.09, 0.16, 0.09. మొత్తం 0.38, సగటు 0.095. మొదటివాడు వచ్చిన రెండింటినీ 'ముందే చెప్పాను' అని గొప్పగా చెప్పుకోవచ్చు. కానీ లెక్క రెండవ అమ్మాయి పక్షానే ఉంది. ప్రతిదానికీ 50 శాతం అని తప్పించుకునేవాడికి ఎప్పుడూ 0.25 వస్తుంది. అంతకంటే తక్కువ తెచ్చుకుంటేనే మీకు ఏదైనా తెలిసినట్టు.

7. నా పట్టిక – మీరు పరీక్షించండి

ఇంత చెప్పి నేను తప్పించుకోవడం న్యాయం కాదు. నా అంచనాలు కొన్ని మీ ముందు ఉంచుతున్నాను. రాసుకోండి.

మొదటిది, 2030లో ఉప్పు సత్యాగ్రహం శతవార్షికోత్సవం. 1930 మార్చి 12న సబర్మతి నుంచి బయలుదేరిన గాంధీజీ యాత్ర సుమారు 385 కిలోమీటర్లు నడిచి, సూరత్ మీదుగా సాగి, దండి చేరింది. ఏప్రిల్ 6న ఉప్పు చేతికెత్తుకున్నారు. దండి మనకు పొరుగున నవసారి జిల్లాలో ఉంది. దీని మీద 1980లో, 2005లో బిళ్ళలు వచ్చాయి. 50, 75 అయ్యాయి, ఇక మిగిలింది 100. నా అంచనా 95 శాతం.

రెండవది, 2028 ఫిబ్రవరి 28న రామన్ ఫలితానికి నూరేళ్ళు. ఆ రోజునే మనం జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకుంటున్నాం. రామన్ మీద లోగడ బిళ్ళలు వచ్చి ఉండడం కొంత అడ్డు కావచ్చు. అయినా వ్యక్తి వేరు, ఆవిష్కరణ వేరు. నా అంచనా 70 శాతం.

మూడవది, 2028లోనే బార్డోలీ సత్యాగ్రహానికి నూరేళ్ళు. ఇది మన సూరత్ జిల్లా సంగతే. 1928లో భూమి శిస్తు 22 శాతం పెంచితే రైతులు కట్టబోమని నిలబడ్డారు. వారిని నడిపించిన వల్లభ్‌భాయి పటేల్‌కు 'సర్దార్' అన్న పేరు స్థిరపడింది ఆ ఉద్యమంతోనే. చంపారన్ సత్యాగ్రహం నూరేళ్ళకు 2017లో బిళ్ళలు వచ్చిన సంగతి దీనికి బలం. నా అంచనా 60 శాతం.

నాలుగవది, 1927 జూలై 23న బొంబాయిలో మొదలైన రేడియో ప్రసారాలకు 2027లో నూరేళ్ళు. నా అంచనా 50 శాతం. ఈ ఒక్కదానిలో నాకు తెలిసింది తక్కువని ఈ అంకె అర్థం.

మీరు నాతో ఏకీభవించనక్కరలేదు. మీ అంకెలు వేరుగా ఉంటే కారణం రాయండి. 2030 తరువాత ఎవరి సగటు తక్కువో చూద్దాం.

ఒక హెచ్చరిక. 2011లో దేశమంతటికీ పరిచయమైన 'మై స్టాంప్' పథకంలో రుసుము కట్టి ఎవరి ఫొటోనైనా బిళ్ళ పక్కన అచ్చువేయించుకోవచ్చు. 'మా నాయకుడి మీద తపాలా బిళ్ళ వచ్చింది' అన్న వార్త చూసినప్పుడు అది ఈ పథకం కిందిదా, శాఖ విడుదల చేసిన స్మారక బిళ్ళా అని చూడండి. మొదటిదాన్ని లెక్కలో వేసుకుంటే మీ పరీక్ష పాడవుతుంది.

8. తేదీ లేనివారి సంగతి

ఇప్పుడు ఈ పాఠంలో నాకు ముఖ్యమనిపించే అంశానికి వస్తున్నాను. మన మొదటి నియమం అంతా తేదీల మీద నిలబడింది. మరి తేదీ తెలియనివారి మాటేమిటి?

ప్రకాశం పంతులు బిళ్ళ వచ్చిన 1972లోనే వేమన బిళ్ళా వచ్చింది. వేమన ఎప్పుడు పుట్టాడో కచ్చితంగా చెప్పలేం. ఆయనకు శతజయంతి లెక్కగట్టే వీలు లేదు. అయినా బిళ్ళ వచ్చిందంటే, ఆయన పద్యాలు జనం నోళ్ళలో నిలిచి ఉన్నాయి గనుక. పద్యాలు అలా నిలుస్తాయి. కానీ మగ్గానికి ఒక మెరుగు కనిపెట్టిన మనిషి, ఒక కొత్త రంగు కలిపిన మనిషి, పది కుటుంబాలను ఊరు దాటించి పని చూపించిన మనిషి, వీరి పేరు గానీ తేదీ గానీ ఎక్కడా రాసి ఉండదు. అలాంటివారిని ఏ గుండ్రని సంఖ్యా గుర్తుచేయదు.

శాస్త్ర పరిభాషలో దీనిని ఎంపికలో దోషం అంటాం. వల కన్నుల కంటే చిన్న చేపలు వలలో పడవు. వల చూసి 'ఏటిలో చిన్న చేపలే లేవు' అనుకుంటే తప్పు చేప మీద లేదు. బిళ్ళల పట్టిక చూసి 'మా వాళ్ళలో గొప్పవారే లేరు' అనుకోవడం అలాంటిదే. ఆ పట్టికలోకి రావాలంటే పుట్టిన తేదీ కావాలి, కాగితం కావాలి, ప్రతిపాదన పంపే మనిషి కావాలి. ఈ మూడూ లేకపోవడం వేరు, గొప్పతనం లేకపోవడం వేరు.

అందుకే అంచనా వేయడంతో ఆగవద్దని అంటున్నాను. వాతావరణాన్ని మనం ఊహించగలం గానీ మార్చలేం. తపాలా బిళ్ళ విషయం అలా కాదు. ప్రతిపాదన పంపే హక్కు పౌరులందరికీ ఉంది. విషయం ఏమిటి, దేశానికి దాని ప్రాముఖ్యం ఏమిటి, ఆధారాలు ఏమిటి, ఏ తేదీకి కోరుతున్నాం అన్నవి స్పష్టంగా రాసి, చాలా ముందుగా పంపాలి. పంపినంత మాత్రాన బిళ్ళ వస్తుందని కాదు. పంపకపోతే పరిశీలనకే రాదు. మీరు చేసే పని ఆ సంభావ్యతను సున్నా నుంచి పైకి కదుపుతుంది.

ప్రతిపాదనకు ముందు కావలసింది ఆధారం. మీ ఇళ్ళలో పెద్దవారిని అడగండి. తాత ఏ ఊరి నుంచి, ఏ సంవత్సరంలో సూరత్ వచ్చాడు? మొదట ఎవరి సాంచాల దగ్గర పని నేర్చుకున్నాడు? నాయనమ్మ ఊళ్ళో ఏ పని చేసేది? సంవత్సరం కచ్చితంగా చెప్పలేకపోతే 'ఫలానా వరదకు ముందు', 'పెద్దనాన్న పెళ్ళయిన ఏడు' అని చెబుతారు. అలాగే రాయండి. తరువాత ఇద్దరు ముగ్గురు చెప్పినవి పోల్చి సంవత్సరం తేల్చండి. చరిత్రకారులు చేసే పని ఇదే. పాత ఉత్తరం దొరికితే కవరు పారేయవద్దు. దాని మీది ముద్రలో ఊరూ తేదీ రెండూ ఉంటాయి.

9. మీరు చేయవలసిన పని

చివరగా నాలుగు అభ్యాసాలు.

ఒకటి, తపాలా శాఖ ప్రకటించే జాబితా నుంచి గత సంవత్సరం స్మారక బిళ్ళలన్నీ రాసుకోండి. ఒక్కొక్కదానికి ఎదురుగా గుండ్రని సంఖ్య, వెంటనే వచ్చిన సంఘటన, ఇతర కారణం అని మూడు గళ్ళు గీసి లెక్కించండి. ఎంత శాతం మొదటి గడిలో పడ్డాయో మీకే తెలుస్తుంది.

రెండు, వచ్చే సంవత్సరానికి పది అంచనాలు, ఒక్కొక్కదానికి సంభావ్యత రాసి, పోస్టుకార్డు మీద మీకే పంపుకోండి. ఏడాది చివర బ్రయర్ పద్ధతిలో మార్కులు వేసుకోండి.

మూడు, తోటి విద్యార్థులతో కలసి ఒక ప్రతిపాదన తయారుచేయండి. ఆధారం లేని వాక్యం ఒక్కటి కూడా అందులో ఉండకూడదు.

నాలుగు, 6 నుంచి 9 తరగతుల వారికి ఒక సమాచారం. తపాలా బిళ్ళల సేకరణలో ఆసక్తి ఉన్న విద్యార్థుల కోసం 2017లో తపాలా శాఖ దీన్ దయాళ్ స్పర్శ్ అనే ఉపకార వేతన పథకం మొదలుపెట్టింది. సంవత్సరానికి 6000 రూపాయలు. క్విజ్, ప్రాజెక్టు ద్వారా ఎంపిక చేస్తారు. ఆ ఏడు ప్రకటన, షరతులు ఏమిటో పెద్ద పోస్టాఫీసులో అడిగి తెలుసుకోండి. పైన చెప్పిన అభ్యాసాలు ఆ ప్రాజెక్టుకూ పనికివస్తాయి.

ఈ పాఠంలో మనం చూసినదాన్ని క్లుప్తంగా చెప్పుకుందాం. పరిశీలించాం, నియమం కట్టాం, అది తప్పే చోట్లు వెతికాం, సాగదీస్తే ఏమవుతుందో లెక్కవేశాం, నమ్మకాన్ని అంకెలో చెప్పడం నేర్చుకున్నాం, పట్టికలో లేనివారు ఎందుకు లేరో ఆలోచించాం. రేపు మీరు వైద్యం చదివినా, ఇంజినీరింగు చదివినా, సాంచాల కార్ఖానా నడిపినా ఈ ఆరు పనులూ మీకు అవసరమవుతాయి.

పోస్టుకార్డులు ఈ వారంలోనే రాసి డబ్బాలో వేయండి.